తల్లి తొలగిన తిట్టు

తిట్టును గూర్చి వ్యాసము వ్రాయబూనినవానికి మొదటి చిక్కు, ఆ తిట్టును ఉచ్చరింపక తప్పకపోవుటయే. శిష్టులు చెవులు మూసికొను మాటను నలుగురు చదువు పత్రికలో అచ్చొత్తించుట యెట్లను సంకోచము మనకే కాదు, అమెరికా పత్రికాధిపతులకును చిరకాలము ఉండెను. వారు గీతలతోను, చుక్కలతోను, పొడి అక్షరములతోను తరతరములు కాలక్షేపము చేసిరి. నేను ఆ మాటను ఉన్నదున్నట్లు ఒక్కమాఱు చెప్పి, పిదప వీలైనంతవఱకు ‘ఆ మాట’ అనియే వ్యవహరింతును. అది ‘సన్ ఆఫ్ ఎ బిచ్’. అర్థము దాచవలసిన పనిలేదు: ఆడుకుక్క కొడుకు. హాలీవుడ్ సినిమాలు చూచు ప్రతి తెలుగు కుఱ్ఱవానికిని ఇది కంఠస్థమే. కాని తల్లిని నిందించుటకై పుట్టిన యీ మాట క్రమముగా తల్లిని మఱచి, కొడుకును మఱచి, తుదకు ఎంత త్రిప్పినను ఊడిరాని తుప్పుపట్టిన మరమేకునకు సైతము వర్తించు స్థితికి వచ్చిన వైనము మాత్రము అందఱెఱిగినది కాదు.

ఎవనిని తిట్టదలచితిమో వానిని విడిచి వాని తల్లిపై పడుట మానవజాతి కంతకును సామాన్యమైన దుర్గుణము. ఇందుకు మన సంస్కృతమే సాక్షి. మృచ్ఛకటికము చదివినవారికి ‘దాస్యాఃపుత్ర’ అను సంబోధనము క్రొత్త కాదు. అంతకంటె విశేషము, పాణిని మహర్షి ఇట్టి తిట్టునకు సూత్రమునే రచించియుండుట. సమాసమున సాధారణముగా లోపించు షష్ఠీవిభక్తి, ఆక్రోశార్థము తోచునపుడు లోపింపదనియు, ‘పుత్ర’ శబ్దము పరమైనచో ఆ విధి వైకల్పికమనియు అష్టాధ్యాయి ఆఱవ అధ్యాయమున ఆయన శాసించెను. అనగా ‘దాసీపుత్రుడు’ అనవచ్చును, ‘దాస్యాఃపుత్రుడు’ అనియు అనవచ్చును. విభక్తి విడువక నొక్కి పలుకుట కోపమునకు గల హక్కు. అమెరికావాని తిట్టులో గూడ ‘ఆఫ్’ అను షష్ఠి చెక్కుచెదరక నిలిచియుండుట చూచి మన వైయాకరణులు సంతోషింపవచ్చును.

ఆంగ్లమున ఆడుకుక్కకు పేరైన ఆ శబ్దము అతిప్రాచీనమైనది. దానిని స్త్రీకి తిట్టుగా వాడుట సుమారు 1400 ప్రాంతమునుండి గ్రంథస్థమగుచున్నది. విచిత్రమేమనగా కొడుకు తిట్టు తల్లి తిట్టుకంటె ముందుగనే కనబడుచున్నది. సుమారు 1330 నాటిదని పండితులు చెప్పు ఆర్థరు రాజు, మెర్లిను మాంత్రికుల కథాకావ్యమునందే ఇట్టి సమాసము ప్రయుక్తమైనది. ఉత్తరసముద్ర తీరవాసుల ప్రాచీన నార్సు భాషలోను దీనికి సోదరపదము కలదు. షేక్స్పియరు లియరు రాజు నాటకమున, కెంటు ప్రభువు ఆస్వాల్డను సేవకుని దులిపివేయుచు ఏకరువు పెట్టిన తిట్ల దండకమునకు చివర, నీవు సంకరజాతి ఆడుకుక్కకు పుత్రుడవు మాత్రమే కాదు, వారసుడవు కూడనని ముగించును. తిట్టులో ఆస్తిహక్కును గూడ సంక్రమింపజేసిన ఘనత ఆ మహాకవిది. 1785లో లండనులో ఫ్రాన్సిస్ గ్రోస్ అను రసికుడు గ్రామ్యపదములకు ప్రత్యేకముగా నిఘంటువు ప్రకటించి, ఆంగ్లస్త్రీకి కుక్క పేరు పెట్టుటకు మించిన అవమానము లేదనియు, వేశ్య యనుటకంటెను అది ఎక్కువగా నొప్పించుననియు వ్రాసెను. ఈ బరువంతయు తల్లి శీలముపై మోపబడి యున్నందుననే కొడుకునకు ఆ తిట్టు అంత తీవ్రముగా తగులుచుండెను.

ఆ బరువుతోనే ఆ మాట అట్లాంటిక్ సముద్రము దాటినది. దక్షిణ రాష్ట్రములలో పరువు ప్రాణముకంటె మిన్నయని తలచు సమాజమున అది ఎన్ని హత్యలకు కారణమైనదో లెక్కపెట్టినవారు లేరు. 19వ శతాబ్దపు టెక్సాసు శిక్షాస్మృతిలో ఒక వింత నిబంధన యుండెను: ఒకడు మఱియొకని ఇంటి ఆడువారిని గూర్చి అవమానకరముగా మాటలాడగా, వినినవాడు ఆవేశమున వానిని చంపినచో, ఆ నేరము హత్యనుండి అంతకంటె తేలికయైన నరవధగా తగ్గుటకు వీలు కలదు. ఇక చూడుడు, న్యాయమూర్తుల అవస్థ! ఒకడు ‘ఆ మాట’ అనినాడు, రెండవవాడు తుపాకి పేల్చినాడు. అనినవాడు నిజముగా ఎదుటివాని తల్లిని నిందించినాడా, లేక నోటి అలవాటుగా వానిని మాత్రమే తిట్టినాడా? తల్లినైనచో చంపినవానికి శిక్ష తగ్గును, కానిచో తగ్గదు. ఒక గ్రామ్యపదమునకు వాచ్యార్థము ప్రధానమా, రూఢ్యర్థము ప్రధానమా యని మన ఆలంకారికులు తీరికగా చేయవలసిన మీమాంస, అచ్చట ఒక మనుష్యుని మెడకు ఉరిత్రాడు తగిలింపవలెనా వలదా యను ప్రశ్నతో ముడివడినది. ఇట్టి సందేహము న్యాయస్థానము మెట్లెక్కుటయే, ఆ మాటనుండి తల్లి మెల్లగా తొలగుచున్నదనుటకు నిదర్శనము.

తొలగిన తల్లి స్థానమున ఏమి వచ్చి చేరినదో తెలిసికొనవలెనన్నచో, 1902లో ఓవెన్ విస్టర్ వ్రాసిన ‘ది వర్జీనియన్’ అను నవలను తెఱువవలెను. పడమటి దేశపు పశుకాపరుల కథలకెల్ల ఇది మూలపురుషుని వంటిది. కథ చెప్పువాడు తూర్పుతీరపు నాగరకుడు. వయోమింగులోని మెడిసిన్ బో అను చిన్న ఊర రైలు దిగి ఆ మోటు లోకమును వింతగా చూచుచుండును. నాయకునకు ఊరు పేరు లేదు. వర్జీనియానుండి వచ్చినవాడు గనుక వర్జీనియనే. వాని మిత్రుడు స్టీవు వానిని పరిహాసముగా ‘ఆ మాట’తో పిలుచును. నాగరకుని గుండె ఆగినంత పనియైనది. ఇక రక్తపాతము తప్పదనుకొనెను. కాని వర్జీనియను చలింపలేదు. ఆ పిలుపులో ప్రేమ తప్ప మఱేమియు లేదు. ఆ రాత్రియే పేకాట బల్లయొద్ద ట్రాంపసు అను దుష్టుడు, ఆటలో వంతు వేయుటకు ఆలసించుచున్నాడని విసుగుకొని, అదే మాటను, అవే అక్షరములను, ప్రయోగించెను. వర్జీనియను పిస్తోలు తీసి బల్లపై పెట్టి, చేయి దానిపై నుంచి, మెల్లని కంఠముతో, నన్ను ఆ పేరుతో పిలిచినపుడు చిఱునవ్వు నవ్వుమని హెచ్చరించెను. గదిలోని వారందఱు కొయ్యబాఱిపోయిరి. ట్రాంపసు తగ్గిపోయెను.

ఆ చిఱునవ్వు షరతు అమెరికా జనులందఱి నోళ్ళలో పడి లోకోక్తియైనది. అందుగల భాషాశాస్త్రము చిన్నది కాదు. అర్థము అక్షరములలో లేదు. పలుకువాని ముఖమున ఉన్నది. ‘మిత్రుడు అనినచో ముద్దు, శత్రువు అనినచో మృత్యువు’ అను స్థితికి మాట వచ్చినపుడు, కుక్కయు లేదు, తల్లియు లేదు. పలుకువానికిని వినువానికిని నడుమగల సంబంధమే మిగులును. ఇందు మనము ఆశ్చర్యపడవలసిన దేమున్నది? వైధవ్యమను మహాదుఃఖమును తెలుపు సంస్కృతశబ్దమే మన యిండ్లలో ‘వెధవ’యై, బామ్మగారు మనుమని బుగ్గ గిల్లుచు ‘ఓరి వెధవా’ యని మురిసిపోవుటకు పనికివచ్చుచున్నది. అదే మాటను కచేరీలో పైయధికారి అనిన రోజున గుమాస్తా ఇంటికి వచ్చి అన్నము ముట్టడు.

నవల చదువువారికి మఱియొక చిత్రము కనబడును. ఇంత కథ నడిపిన ఆ మాట పుస్తకమున పూర్తిగా అచ్చుపడలేదు. మొదటి మూడు పదములు వేసి, నాలుగవదానికి బదులు ఒక గీత గీచినారు. పిస్తోలు చూపవచ్చును గాని ఆ పదము చూపరాదు.

పశుకాపరుల లోకమునుండి బయటకు రాకమునుపు వారి వంటను గూర్చి ఒక మాట చెప్పవలెను. టెక్సాసు ప్రాంతమున పశువులను తోలుకొని పోవు బృందముల వెంట వంటబండి యొకటి నడచుచుండెడిది. లేగదూడను కోసిన దినమున వంటవాడు దాని గుండె, కాలేయము, నాలుక, మెదడు, పాలతో నిండిన మజ్జప్రేగు అన్నియు ముక్కలుకోసి ఒకే కుండలో ఉడికించెడివాడు. వెండ్రుకలు, కొమ్ములు, అంబా యను అఱపు తప్ప దూడలోని సమస్తమును అందు పడవలెనని వారి సామెత. ఆ కూర పేరే ‘ఆ మాట’. స్త్రీలుగాని మతాచార్యులుగాని విందునకు వచ్చినచో పేరు మార్చి ‘సన్ ఆఫ్ ఎ గన్’ కూర యని వడ్డించెడివారు. ఈ ‘తుపాకి కొడుకు’ యుద్ధనౌకలలో ఫిరంగుల నడుమ పుట్టిన శిశువులనుండి వచ్చినదని నావికులు చెప్పు కథ వినుటకు సొంపుగా నున్నది గాని, అంతకంటె సులభమైన సంగతి, నోట పలుకరాని మాటకు అది తొడిగిన ముసుగు అనుటయే. మూడు పొడి అక్షరములు ‘ఎస్.ఓ.బి.’ మఱియొక ముసుగు. అమెరికా ఆసుపత్రులలో ఊపిరాడని రోగి కాగితముపై ఇవే మూడక్షరములు ఆయాసమునకు సంకేతముగా వ్రాయుదురు. అచ్చటి మన తెలుగు వైద్యులకిది నిత్యానుభవమే. తన కాగితము తాను చదువుకొని ఉలికిపడిన రోగుల కథలు వారి విశ్రాంతిగదులలో తఱచు వినబడును.

ఇట్లు వాడి వాడి మాట మొద్దుబాఱినది. అమెరికా భాషపై మహాగ్రంథము వ్రాసిన హెచ్.ఎల్. మెంకెన్ 1936 నాటి కూర్పులో దీనిని గూర్చి పెదవి విఱిచెను. తనవారికి తిట్లలో కల్పనాశక్తి లేదనియు, సర్వకార్యములకు ఈ ఒక్క మాటనే పనిమనిషివలె వాడుకొనుచున్నారనియు, స్లావులకును లాటిను జాతులకును ఇది చప్పగా తోచుననియు ఆయన విచారము. మెంకెనుగారు మన గోదావరి లంకలలోనో, పాలమూరు సంతలోనో ఒక పూట నిలిచియున్నచో ఆయన విచారము ఇంకను పెరిగియుండెడిది.

మాట మొద్దుబాఱినను దానిపై కాపలా మాత్రము సడలలేదు. ఈ కాపలా కథను ఒక్క నాటకముతో చెప్పవచ్చును. 1928లో న్యూయార్కు రంగస్థలమున బెన్ హెక్ట్, చార్లెస్ మకార్థర్ అనువారి ‘ది ఫ్రంట్ పేజ్’ ప్రదర్శింపబడినది. ఇరువురును షికాగో పత్రికలలో పనిచేసినవారే. కథలో హిల్డీ జాన్సన్ అను విలేకరి ఉద్యోగము విడిచి పెండ్లి చేసికొని పోవుచుండగా, వానిని విడువలేని సంపాదకుడు వాల్టర్ బర్న్స్ తన బంగారు గడియారమును కానుకగా ఇచ్చి, ఆశీర్వదించి, కన్నులు తడియగా సాగనంపును. తలుపు మూసికొనగనే టెలిఫోను అందుకొని, ముందు స్టేషనులో పోలీసులకు తంతి కొట్టి ఆ రైలులోని హిల్డీని పట్టుకొనుమని చెప్పుచు, వాడు నా గడియారము దొంగిలించెనని ఫిర్యాదు చేయును. వాడు అనుటకు బదులు ‘ఆ మాట’ను వాడును. తెర పడును. నాటకమంతటికి ఆ తుది పలుకే ప్రాణము. ఆ మాటలో కోపము కంటె వాత్సల్యమే ఎక్కువ. కొడుకును పోగొట్టుకొన్న తండ్రి ఏడ్చు ఏడుపది.

1931లో దీనిని సినిమాగా తీసినపుడు ఏమి చేయవలెను? ఆ పలుకు లేనిచో కథ లేదు, ఉన్నచో సభ్యత లేదు. దర్శకుడు లూయిస్ మైల్‌స్టోన్ యుక్తి పన్నెను. సంపాదకుని పాత్రధారి అడాల్ఫ్ మెంజూ ఆ మాట పలుకు క్షణమునకు సరిగా టైపురైటరు చప్పుడు చేయును. రహస్యపదము ఆ చప్పుడులో కలిసిపోవును. తరువాత హాలీవుడ్ చిత్రములకు సభ్యతాహద్దులు విధించిన నిబంధనావళికి చేర్చిన నిషిద్ధపదముల పట్టికలో ఇది స్పష్టముగా చోటుచేసికొనినది. నాలుగవ పదము విడిచి ‘సన్ ఆఫ్ ఎ’ వఱకు పలికినను తప్పే యని శాసించిరి! బహుశః తమకు ముందు జరిగిన చమత్కారములు వారు గ్రహించియుందురు. 1960 దశాబ్దము చివర ఆ నిబంధనావళి కూలినది. 1969లో ‘ట్రూ గ్రిట్’ చిత్రమున జాన్ వేన్ అంతటి గృహస్థుల అభిమాననటుడు గుఱ్ఱముపైనుండి ఆ మాటను బాహాటముగా కేకవేసి, ఆ పాత్రకే ఆస్కారు బహుమానము పొందెను. 1974లో బిల్లీ వైల్డర్ ‘ది ఫ్రంట్ పేజ్’ను తిరిగి తీయగా, నలుబది మూడేండ్లు టైపురైటరు క్రింద నలిగిన పలుకు పూర్తిగా వినబడినది.

ఆ మఱుసటి యేటి ‘జాస్’ చిత్రము మన పెద్దలలో చాలమంది చూచినదే. మునిగిపోవుచున్న పడవ కొయ్యపై వ్రేలాడుచు పోలీసు అధికారి బ్రాడీ, సొరచేప నోటిలోని గాలిసిలిండరుకు గుఱిపెట్టి, దానిని నవ్వుమని చెప్పుచు ‘ఆ మాట’తో సంబోధించును, తుది అక్షరము తుపాకి మ్రోతలో మునిగిపోవును. వర్జీనియను తిట్టినవానిని నవ్వుమనెను; బ్రాడీ తాను తిట్టు జంతువును నవ్వుమనుచున్నాడు. డెబ్బది మూడేండ్లలో మాట తలక్రిందులైనది. తల్లిలేని, పరువులేని చేపపై కూడ అది చెల్లుబాటైనది.

దేశాధ్యక్షులు ఈ మాటకు చేసిన సేవ వేఱుగ చెప్పదగినది. 1949 ఫిబ్రవరిలో హారీ ట్రూమన్, తన సైనిక సహాయకుడు జనరల్ వాన్ అర్జెంటీనా నియంత పెరోన్ ఇచ్చిన పతకమును పుచ్చుకొనెనని డ్రూ పియర్సన్ అను విలేకరి రేడియోలో దుమ్మెత్తిపోయగా, ఒక విందులో లేచి, ఏ ‘ఎస్.ఓ.బి.’ చెప్పినను తన మనుష్యులను తాను తొలగింపనని గర్జించెను. మూడక్షరములే గదా పలికినది! అయినను దేశమంతట గగ్గోలు పుట్టినది. 1962 ఏప్రిలులో ఉక్కు కంపెనీ అధిపతి రోజర్ బ్లౌ టన్నుకు 6 డాలర్లు ధర పెంచుచున్నామని చెప్పిపోగా, కెన్నెడీ మండిపడి, వ్యాపారులందఱు ‘ఆ మాట’లే యని తన తండ్రి యెప్పుడో చెప్పెనని తనవారితో అనెను. అది పత్రికకు ఎక్కినది. మఱుసటి నెల విలేకరుల సమావేశమున ఆయన సవరణ చేసెను: తండ్రి అనినది వ్యాపారులందఱిని కాదు, ఉక్కు కంపెనీవారిని మాత్రమే. మాటను ఉపసంహరించుకొనలేదు, దాని విస్తీర్ణమును తగ్గించెను. 1989 నాటికి, ‘యు.ఎస్.ఏ. టుడే’ పత్రికను స్థాపించిన ఆల్ న్యూహార్త్ తన ఆత్మకథ పేరులోనే ఆ మూడక్షరములను బిరుదువలె తగిలించుకొనెను. వ్యాపారమున నెగ్గుకు వచ్చినవాడను గర్వము అందు ధ్వనించును.

కాని ఆ మాట ఎక్కిన అత్యున్నత శిఖరము అధ్యక్షభవనము కాదు, న్యూమెక్సికో ఎడారి. 1945 జులై 16 ఉదయము తొలి అణ్వస్త్రపరీక్ష జరిగినది. ఆ దృశ్యము చూచి భగవద్గీత పదునొకండవ అధ్యాయములోని విశ్వరూపము తన మనస్సున మెదిలినదని, ఆ అస్త్రమును నిర్మించిన శాస్త్రజ్ఞుల నాయకుడు ఓపెన్‌హైమరు ఇరువదేండ్ల పిదప టెలివిజనులో చెప్పిన సంగతి మనవారందఱు గర్వముతో తలచుకొందురు. ఆ పరీక్షకు నిర్వాహకుడు కెన్నెత్ బెయిన్‌బ్రిడ్జ్ అను హార్వర్డు భౌతికశాస్త్రజ్ఞుడు. అందఱు ఒకరినొకరు అభినందించుకొనుచుండగా ఆయన ఓపెన్‌హైమరు కడకు వచ్చి, ఇకమీదట మనమందఱము ‘ఆ మాట’లమే యని చల్లగా అనెను. ఆ తిట్టు ఆఱువందల యేండ్లు ఎదుటివానిపైకే విసరబడినది. ఇచ్చట అది ఉత్తమపురుష బహువచనమున, క్రియాపూర్వకమైన పాపస్వీకారముగా, పలికినవానిపైననే వ్రాలినది. పరీక్ష తరువాత పలికిన పలుకులన్నిటిలో అదియే మేలైనదని ఓపెన్‌హైమరే తరువాతి కాలమున ఒప్పుకొనెనని బెయిన్‌బ్రిడ్జ్ వ్రాసియున్నాడు. గీతాభక్తుడనే యైనను, ఈ విషయమున నేను ఓపెన్‌హైమరుతో ఏకీభవింతును. విశ్వరూపము చెప్పినవాడు దేవునితో పోల్చుకొనెను. తిట్టుకొన్నవాడు మనుష్యుడుగా మిగిలెను.

ఇంతటితో తల్లి పూర్తిగా మఱుగునపడినదని మనము తలపవచ్చును. అట్లు జరుగలేదు. 2017 సెప్టెంబరు 22న అలబామా రాష్ట్రమునందలి హంట్స్‌విల్ సభలో అధ్యక్షుడు ట్రంపు, జాతీయగీతము వేళ నిరసనగా మోకరిల్లు ఫుట్‌బాలు ఆటగాండ్రను ప్రస్తావించి, అట్టివానిని మైదానమునుండి వెలివేయవలెనని ‘ఆ మాట’ వాడెను. పేరు చెప్పలేదు. కాని ఆ నిరసనకు ఆద్యుడైన కాలిన్ కెపర్నిక్ తల్లి తెరీసా వెంటనే ట్విట్టరులో బదులిచ్చెను: అట్లయినచో నేను గర్వించు ఆడుకుక్కనే యని. శతాబ్దములుగా ఎవ్వరును వినక విడిచిన నాలుగవ పదమును ఒక తల్లి విని, తనదని చేయెత్తి చెప్పినది. వ్యాకరణదృష్టితో చూచినచో ఆమె వాదమునకు తిరుగులేదు. పాణిని సైతము ఆమె పక్షముననే తీర్పు చెప్పవలసి యుండును.

2022 జనవరి 24న అధ్యక్షుడు బైడెన్, ధరల పెరుగుదలను గూర్చి ప్రశ్న వేసిన ఫాక్స్ న్యూసు విలేకరి పీటర్ డూసీని, మైకు పనిచేయుచున్నదని గమనింపక, అదే మాట గొణిగి తిట్టెను. ఆ పిదప కొంతసేపటికే టెలిఫోను చేసి, మనస్సులో ఏమియు పెట్టుకొనవలదని చెప్పెను. డూసీ నవ్వి ఊరకుండెను. రోజులు ట్రాంపసు కాలమునుండి ఎంత దూరము వచ్చినవో!

ఇంతదనుక నేను చెప్పగలుగుటకు కారణము, ఆంగ్లనిఘంటుకారులు గ్రోసునాటినుండి నేటివఱకు ముక్కు మూసికొనక, ఏ తిట్టు ఏ సంవత్సరమున ఏ పుస్తకమున ఏ యర్థమున వచ్చినదో తేదీలతో వ్రాసిపెట్టుటయే. మన భాషకును అట్టి చారిత్రక నిఘంటువు కావలసియున్నది. విశ్వవిద్యాలయములలో తెలుగు చదువుచు పరిశోధనకు విషయము వెదకుకొను యువకులకు, యువతులకు నా మనవి యొక్కటే: కుళాయిల కడ, పొలముగట్ల కడ, సంతలలో నోరారా తిట్టగల ముసలమ్మలు ఇంకను మన యూళ్ళలో ఉన్నారు, సిగ్గుపడక వారి కడకు పోయి, వారి తిట్లను, ఎవరిని, ఎప్పుడు, ఏ స్వరముతో అనుదురో సహితముగా వ్రాసికొనుడు.